కమాను పట్టీల నడుమ ఇసుక

మొన్న సెలవునాడు మా అబ్బాయి ఇంటిల్లిపాదినీ సముద్రం ఒడ్డుకు తీసుకువెళ్ళాడు. అక్కడ పాతకాలపు మోటారు బండ్లను బాగుచేసి, వరసగా నిలబెట్టి జనానికి చూపిస్తున్నారు. దోహాలో ఐన్ ఖాలిద్ అనే పేటలోని వాళ్ళ ఇంట్లో పగలూ రాత్రీ ఏసీ ఆడుతుంటుంది, కరెంటు దండగని నేను ఆపేస్తాను, కోడలు మళ్ళీ వేస్తుంది. ఆ తగువులోంచి కాసేపు బయటపడదామని నేనూ బయలుదేరాను. బండ్లన్నీ తోమిన కంచాల్లా తళతళలాడుతున్నాయి. వాటి మధ్య ఒక పికప్ కనిపించింది. ముందు ముగ్గురు పట్టే ఒకే సీటు, వెనక సామాను వేసే తొట్టి, గుండ్రటి దీపాలు, లేత నీలం రంగు. అందరూ ముందు నిలబడి ఫోటోలు తీసుకుంటుంటే నేను వెనక్కు వెళ్ళి, టైరు మీద చెయ్యి ఆనించి, నడుం వంచి బండి కిందికి చూశాను.

“ఏందత్తా అది, అందరూ చూస్తాండారు, లెయ్” అని కోడలు గొణిగింది.

“చూడనీలే. పైన రంగు ఎవురైనా పూస్తారు. బండి సంగతి కింద చూడాల” అన్నాను.

కింద చాసీ, అంటే బండినంతా మోసే ఇనుప చట్రం, నల్లరంగు వేసుకుని శుభ్రంగా ఉంది. వెనక చక్రాల దగ్గర కమాను పట్టీలు ఒకదాని కింద ఒకటి పొందికగా ఉన్నాయి. ఇది మాది కాదు. మా బండి చాసీకి ఎడమ పక్కన అరచేయంత అతుకు ఉండేది. మాది అంటున్నాను గానీ అదీ మాది కాదు, మేం పనిచేసిన ఇంటివాళ్ళది. అయినా దాని ఎముక ఎముకా మా చేతుల్లోంచి పోయినదే కాబట్టి ఇన్నేళ్ళకూ నోటికి అలాగే వస్తుంది.

మా ఆయనా నేనూ దోహాలో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఆయన హౌస్ డ్రైవరు, నేను వంటమనిషిని. మా రాయచోటి పక్క పల్లెల్లో ఏ అరబ్బు దేశం పోయినా కువైట్ పోయిందనే అంటారు, అందుకని ఊరివాళ్ళకు నేను కువైట్ మనిషినే. పిల్లవాణ్ణి మా అమ్మ దగ్గర వదిలి వచ్చాం. ఆలుమగలకు ఒకే ఇంట్లో పని దొరకడం ఆ రోజుల్లో ఎంత అదృష్టమో నా ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. నాతో విమానం ఎక్కిన ఆడవాళ్ళలో ఎంతమంది ఏళ్ళ తరబడి మొగుడి గొంతు ఫోనులో విని సరిపెట్టుకున్నారో మీకూ తెలిసే ఉంటుంది.

ఆ ఇంటి పెద్దావిడను మామా అని పిలిచేవాళ్ళం. అక్కడ పనివాళ్ళు యజమానురాలిని అలాగే పిలుస్తారు. ఆడమనిషిని పట్టుకుని మామా అనడానికి మొదట్లో నాకు నవ్వు ఆగేది కాదు. తర్వాత ఎంత అలవాటైందంటే, సెలవుకు ఊరికి వచ్చి మా మేనమామను పిలుస్తుంటే ఆమె మొహం కళ్ళ ముందుకు వచ్చేది. ఆమె భర్త పోయాడు. ఇల్లు నడిపేది పెద్ద కొడుకు, ఆయన్ను బాబా అనేవాళ్ళం. చిన్న కొడుకు పెళ్ళికాని వాడు. స్నేహితులను వెంటేసుకుని ఇసుక దిబ్బల మీద బండ్లు ఎగిరించడం తప్ప వాడికి వేరే వ్యాపకం ఉండేది కాదు.

ఆ ఇంటి పెరట్లో ఖర్జూరం చెట్టు పక్కన ఈ పికప్ పడి ఉండేది. మామా భర్త వయసులో ఉన్నప్పుడు అల్ రువైస్ రేవు నుంచి చేపలు తెచ్చిన బండి అది. తొట్టిలోంచి ఉప్పునీళ్ళు కారి కారి కింద ఇనుమునంతా తినేశాయి. కొడుకులు తుక్కుకు వేద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. ఆమె కోరిక ఒక్కటే. ఆ బండిలో, తన పాత చోట్లో కూర్చుని, ఒక్కసారి అల్ రువైస్ దాకా వెళ్ళి సముద్రం చూసి రావాలి. మా ఆయన చిన్నప్పుడు లారీల షెడ్డులో పని నేర్చినవాడు. ఎవరూ బలవంతపెట్టకుండానే నేను చేస్తానన్నాడు. మనకెందుకు ఈ తలనొప్పి, ఉన్న డ్యూటీ చాలదా అని నేను అడ్డుపడ్డాను. ముసలామె అడిగింది గదమే, అన్నాడు.

ఆ చలికాలం మా శుక్రవారాలన్నీ ఆ బండి కిందే గడిచాయి. మా ఆయన పైభాగాన్ని విప్పి పక్కకు ఎత్తిపెట్టించి చాసీని బయటపెట్టాడు. తుప్పు గీకడానికి ఆయన తీగబ్రష్షు పడితే నేను అరిగిపోయిన అట్లకాడ పట్టాను. చిరిగిన లుంగీలు, వెలిసిన రవికెలు ఏదీ పారెయ్యకుండా దాచే నా గుణాన్ని ఎప్పుడూ ఎగతాళి చేసే మనిషి, నూనె తుడవడానికి నా గుడ్డల మూటనే వెతుక్కుంటూ వచ్చాడు. కొన్నాళ్ళకు మామా కూడా వంటింట్లోంచి మొండి కత్తి ఒకటి తెచ్చుకుని, నా పక్కన పీట వేసుకుని కూర్చుంది. నల్లటి అబాయా మీద ఎర్రటి తుప్పు రాలుతుంటే దులుపుకుంటూ, నా అరబ్బీకి నవ్వుతూ, ఈ తొట్టిలోనే పిల్లలను ఎక్కించుకుని తిరిగామనీ, ఎంత కడిగినా చేపల వాసన పోయేది కాదనీ, భర్త ఆ వాసనతోనే తమ పెళ్ళికి కూడా వచ్చాడనీ చెబుతుండేది. నాకు సగం అర్థమయ్యేది, మిగతా సగానికి తల ఊపేదాన్ని. కన్నతల్లి దూరంగా ఉన్నదానికి అట్లాంటి మనిషి పక్కన కూర్చుంటే ఎట్లా ఉంటుందో చెప్పడం నాకు చేతకాదు.

కడవ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, ఆయన సుత్తితో చాసీని అలా ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టుకుంటూ పోయేవాడు. గట్టి చోట ఖంగుమనేది. లోపల గుల్లబారిన చోట మెత్తగా పలికేది. పుచ్చిన చోటల్లా కోసి, సనయ్యా నుంచి, అంటే షెడ్లన్నీ ఉండే పేట నుంచి, ఒక పఠాన్ వెల్డరును పిలిపించి మందపాటి ఇనుప పలకలు అతికించాడు. తర్వాత కమాను కట్టల మీద పడ్డాడు. విల్లులా వంచిన ఉక్కు పట్టీలు అవి. అన్నిటికన్నా పొడుగుది పైన, దాని కింద కొంచెం పొట్టిది, ఇలా పేర్చి నడుమ ఒక బోల్టుతో బిగిస్తారు. బండి గుంతలో పడితే దెబ్బంతా అవే తాగుతాయి. బరువు మోసి మోసి వాటి వంపు చచ్చిపోయి బల్లపరుపుగా ఉంటే, సనయ్యాకు తీసుకుపోయి కాల్చి, కొట్టించి, మళ్ళీ వంపు తెప్పించాడు. విరిగిన పట్టీ ఒకటి మార్చాడు. పట్టీకీ పట్టీకీ నడుమ గ్రీజు రాసే పని మాత్రం నాకు ఇచ్చాడు. పరోటా పొరలకు నూనె రాసినట్టు ఎక్కడా ఎండు చోటు లేకుండా వేలితో రాశాను. దాని జిడ్డు గోళ్ళలోంచి పోవడానికి చాలా రోజులు పట్టింది. ఆ చేతులతో రొట్టె ఇస్తే మామా ఏమీ అనకుండా తినేది.

బండికి తాళంచెవి ఒక్కటే. అది ఆమె మెడలో నల్లదారానికి వేలాడుతుండేది. పని మొదలుపెట్టేటప్పుడు తీసి ఇచ్చేది, అయిపోగానే మళ్ళీ మెడలో వేసుకునేది. నిద్రలోనూ తీసేది కాదు. చిన్న కొడుకు ఒకసారి నవ్వుతూ చెయ్యి చాపితే, ఆ చేతి మీద ఒక్కటిచ్చి పంపడం నేనే చూశాను.

అంతా పూర్తయింది. ఒక శుక్రవారం పొద్దున అల్ రువైస్ ప్రయాణం పెట్టుకున్నారు. అంతకు ముందురోజు పొద్దున నేను కమాను కట్టల అంచుల్లో పొంగిన గ్రీజును నా చేత్తోనే తుడిచాను. మధ్యాహ్నం బాబా భార్యనూ పిల్లలనూ బజారుకు తీసుకువెళ్ళాల్సి వచ్చి మేమిద్దరం వెళ్ళాం. పొద్దుగూకే వేళకు తిరిగి వస్తే బండి ఉన్నచోటే ఉంది. మర్నాడు బయలుదేరే ముందు ఆయన అలవాటుగా కిందికి దూరి, కాసేపటికి నన్ను పిలిచాడు. పట్టీల నడుమ, అంచుల పొడుగునా, గ్రీజుకు అంటుకుని సన్నటి పసుపు ఇసుక.

“ఇది మన పెరట్లో మన్ను కాదే” అన్నాడు.

“గాలికి వచ్చుంటాది.”

“గాలికి ఇంత లోపలికి దూర్తాదా?”

అంతలో బాబా యల్లా యల్లా అని తొందరపెట్టాడు. మామా అప్పటికే సీటు మధ్యలో ఎక్కి కూర్చుని, చిన్నపిల్లలా కాళ్ళు ఊపుతోంది. ఆయన ఇసుక తుడిచి, బోల్టులన్నీ పట్టి చూసి, సరిగానే ఉన్నాయనుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. నేను మామాకు అటుపక్క కూర్చున్నాను. ఇంటివాళ్ళు వెనక కారులో వచ్చారు.

దారిలో అల్ ఖోర్ ఊరు దాటాక ఆమె ఏదో పాట అందుకుంది. ఆ పాటలోనే కింద ఫట్‌మని చప్పుడైంది. కమాను కట్టను చాసీకి పట్టి ఉంచే కొక్కెం ఊడిపోయి, బండి వెనక ఎడమ పక్కకు కూలబడి, రోడ్డు దిగి మట్టిలోకి ఈడ్చుకుపోయింది. ఆయన గట్టిగా పట్టుకోబట్టి బోల్తా పడలేదు. మామా రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు నా మట్టిగాజులు పగిలి గుచ్చుకున్నాయి. ఆమె మణికట్టు వాచింది, అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు. ఆమె సముద్రం మాత్రం చూడలేదు.

ఇంటికి వచ్చాక బాబా మండిపడ్డాడు. చేతగాని పని చేసి తన తల్లి ప్రాణం మీదికి తెచ్చాడన్నాడు. మా ఆయన తొణకలేదు. ఊడిన కొక్కేన్ని తెచ్చి ముందు పెట్టాడు. విరిగిన చోట లోపలి పగులులో కూడా అదే పసుపు ఇసుక ఇరుక్కుని ఉంది, అంటే ముందురోజే పగిలిందన్నమాట.

“బాబా, కల్ కోయీ గాడీ లేకే గయా, దేఖో” అని ఆ ఇంట్లో అందరికీ అర్థమయ్యే హిందీలో అంటూ, పట్టీల నడుమ ఇంకా మిగిలిన ఇసుకను అరచేతిలో పెట్టి చూపించాడు. నిన్న ఎవరో బండిని తీసుకుపోయారు, చూడండి అని.

ఆ ఇంట్లో ఇసుక దిబ్బలకు పోయే మనిషి ఒక్కడే. బాబా చూపు తమ్ముడి మీదికి పోయింది. నేను ముట్టనే లేదన్నాడు వాడు. అప్పుడు బాబా తల్లి వైపు తిరిగి, తాళంచెవి ఎవరికైనా ఇచ్చావా అని అడిగాడు. నేను టీ పళ్ళెంతో అక్కడే ఉన్నాను. ఇక చెబుతుంది, అయిపోతుంది అనుకున్నాను. నా మనసులో పిసరంత అనుమానం లేదు. ఆమె వాచిన మణికట్టు చూసుకుంది, చిన్న కొడుకును చూసింది, నా వైపు చూడలేదు.

“మా అద్రీ” అంది. నాకు తెలియదు అని.

బాబా ఖలాస్ అన్నాడు. మా ఆయన వీసా రద్దు చేసి పంపించేస్తానన్నాడు. నన్ను మాత్రం ఉండమన్నారు, నా వంటకు మామా అలవాటు పడిందట. నేనూ పోతానన్నాను. ఆ పూట ఆ పళ్ళెంలో టీ ఎవరూ ముట్టలేదు. మామూలుగా అయితే వేడిచేసుకుని మేమే తాగేవాళ్ళం, ఆ రోజు అంతా తూములో పోశాను.

బయలుదేరే పొద్దున ఆమె వంటింట్లోకి వచ్చింది. చేతిగుడ్డలో చుట్టిన బంగారు గాజు నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. నేను పని మానేసి నిలబడ్డాను, ఇప్పుడైనా చెబుతుందేమోనని. ఎంతకీ చెప్పకపోతే నేనే అడిగాను.

“మామా, మిఫ్తా?”

తాళంచెవి, అంతే, అంతకన్నా నాకు అరబ్బీ రాదు. ఆమె చెయ్యి మెడ దగ్గరికి పోయి ఆగింది. తర్వాత తలుపు వైపు తిరిగి వెళ్ళిపోయింది. ఆ గాజును బియ్యం డబ్బాలో, రోజూ కొలిచే గిన్నెలో పెట్టి మూత వేశాను. తాడు ముక్క కూడా పారెయ్యని దాన్ని నేను. అయినా ఆ గాజును వదిలి వచ్చినందుకు ఒక్కరోజు కూడా బాధపడలేదు.

ఊరికి వచ్చాక ఆయన సామాన్ల ఆటో నడిపాడు. డ్రైవింగ్ రాక పంపించేశారంట అని ఊళ్ళో అనుకున్నారు. ఆయన విని ఆటో తీసుకుని పనికి పోయేవాడు. ఎవరైనా ఒక పూట బండి అడిగి తీసుకుపోయి తిరిగి ఇస్తే మాత్రం, వంగి కింద కమాను పట్టీల నడుమ వేలు పెట్టి చూసుకునేవాడు. ఆ అలవాటు ఆయన పోయేదాకా పోలేదు. నేను మామాను తిట్టినప్పుడల్లా ఆమె వైపే మాట్లాడేవాడు.

“కన్నతల్లి గదమే, కొడుకును పట్టిస్తాదా?”

“నేనూ కన్నదాన్నే” అనేదాన్ని.

మొన్న ఇంటికి తిరిగి వస్తూ ఈ కథంతా మా వాడికి చెప్పాను. ఇప్పుడు వాడి ఇంటి గేటుకు కెమెరా ఉంది. ఎవరు వచ్చారో, ఎవరు పోయారో, ఏ బండి ఎవరు తీశారో వాడు ఆఫీసులో కూర్చుని ఫోనులో చూసుకుంటాడు. అప్పుడు ఇట్లాంటిదొకటి ఉండుంటే నాయన బతికిపోయుండేవాడమ్మా అన్నాడు. నిజమే కావచ్చు. ఈ కాలం పిల్లలు ఏ విషయమైనా ఒకరి నోటి మీద ఆధారపడరు, వాళ్ళకు ఆ బాధ తప్పింది. కానీ ఆ రోజు ఆ గదిలో ఎవరికి తెలియదు గనక, గోడ మీది కెమెరా వచ్చి చెప్పడానికి? ఇసుక చెప్పింది, పగిలిన ఇనుము చెప్పింది, చిన్న కొడుకు మొహం చెప్పింది. నేను ఎదురుచూసింది వాటికోసం కాదు. ఒక చలికాలమంతా నా పక్కన కూర్చుని తుప్పు గీకిన మనిషి నోరు విప్పడం కోసం. బండి ఒరిగినప్పుడు ఆమె పట్టుకున్నది నా చెయ్యే.