చీకట్లో ఎక్కించిన రోలు

మా చిన్నప్పుడు కెమెరాలో రోలు ఎక్కించాలంటే ముందు కొట్టుగది తలుపు మూయాలి. తలుపు సందుల్లో గోనెసంచులు కుక్కడం నా పని. లోపల బియ్యం బస్తాల మధ్య మా నాన్న బొంత కప్పుకుని కూర్చునేవాడు... వెలుగు సోకితే రోలు మొత్తం మసైపోతుందని ఎవరో చెప్పారట. అంతే, ఇక ఎవరు చెప్పినా వినడు.

నాన్న తాడేపల్లిగూడెంలో డ్రిల్లు మాస్టారు. ఆ కెమెరా ఎవరో వాడి అమ్మేసినది. అన్నీ చేత్తోనే తిప్పుకోవాలి.

"ఏవండీ, ఆ ఉక్కలో పడిపోగలరు... బయటకి రండి" అని అమ్మ తలుపు కొట్టేది.

"ఉండవే... నాలుక దొరకట్లేదు!"

నాలుకంటే రోలు చివర బయటికి ఉండే ముక్క. దాన్ని కుడివైపు చక్రం సందులో దూర్చాలి. ఆ రోజు అరగంట తడుముకుని, చెమటతో తడిసి ముద్దయి బయటికొచ్చి, "ఎక్కేసింది!" అన్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆసారి ఇంత హడావుడీ మా మామ్మ కోసం. మామ్మకి ఒక్కతే చెల్లెలు, కొల్లేటి లంకలో ఉండేది. మేం చిన్న మామ్మ అనేవాళ్లం. ఆవిడకి కళ్లలో పొరలు కమ్ముతున్నాయి. ఆపరేషనంటే హడలు. "దానికి చూపున్నప్పుడే మేమిద్దరం ఉన్న ఫొటో ఒకటి దాని చేతిలో పెట్టాలిరా అబ్బాయ్" అని మామ్మ నాన్న వెంటపడింది. ఇద్దరి పెళ్లిళ్లకీ ఫొటోల్లేవు మరి.

అందరం బస్సెక్కి ఏలూరు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు, ఆ పైన పడవ... చిన్న మామ్మ జరీచీర కట్టుకుని సిద్ధంగా ఉంది. అక్కచెల్లెళ్లిద్దరూ గుమ్మం ముందు కర్రల్లా నిలబడ్డారు. "నవ్వండమ్మా" అంటే ఇంకా బిగుసుకుపోయారు. నాన్న నొక్కుతూనే ఉన్నాడు. గట్టు మీద, పడవలో, చేపల బుట్టల దగ్గర...

రోలు ముప్పై ఆరుకి అయిపోవాలి కదా! కానీ కెమెరా మీద లెక్క ముప్పై ఏడైంది. ముప్పై ఎనిమిదైంది. నాన్న మొహం వెలిగిపోయింది.

"కొసరు పడిందే!" అన్నాడు అమ్మతో.

"అయితే పిల్లదాన్ని కూడా ఒకటి తీయండి" అంది అమ్మ, నన్ను ముందుకు తోసి. నలభై రెండు దాకా తీసి, ఇక చాల్లే అని ఆయనే ఆపేశాడు. అబ్బో, దారి పొడుగునా ఆ కొసరు కబుర్లే...

మర్నాడు స్టూడియో ఆయన కెమెరా చీకటిగదిలోకి తీసుకెళ్లి, రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు.

"మాస్టారూ, రోలు కొత్తది కొత్తట్టే ఉందండి. నాలుక పట్టుకోలేదు, ఊడిపోయింది. మీరు ఉత్తినే నొక్కారండి."

నాన్న కొట్టుగది సంగతి చెప్పాడు.

"చీకట్లో ఎందుకెక్కించారండి? నీడపట్టున కూర్చుని కళ్లతో చూసుకుని ఎక్కించాలి. ఆ బయటి ముక్కకి వెలుగు తగిలితే తగులుద్దండి, అదెలాగూ పనికిరాదు. ఒక్కో ఫొటో తీశాక మీట లాగినప్పుడు ఎడం పక్క బొత్తాం తిరిగిందంటే రోలు నడుస్తున్నట్టండి."

ఆ తర్వాత పది రోజులు మామ్మ రోజూ అడిగేది, ఫొటోలు వచ్చాయా అని. నాన్న రోజూ "ఇంకా కడగలేదమ్మా" అనేవాడు. ఆ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చేది. ఒకరోజు ఉండబట్టలేక నేనే మామ్మకి చెప్పేశాను.

మామ్మ తిడుతుందనుకున్నా. పమిట నోట్లో కుక్కుకుని నవ్వింది! "నలభై రెండుసార్లూ ఊపిరి బిగబట్టి చచ్చాం కదే!" అని కళ్లు తుడుచుకుని, "సరే, మళ్లీ వెళ్దాం పద" అంది.

ఈసారి రోలు అరుగు మీద, పట్టపగలు ఎక్కించాడు. నాన్న చుట్టూ అందరం మూగాం. బొత్తాం చూడటం నాకు అప్పగించారు. "తిరుగుతోందా?" "తిరుగుతోంది నాన్నా!" ఎంత గొప్పగా ఫీలయ్యానో...

లంకలో దిగగానే మామ్మ ఆ కొట్టుగది కథ చెల్లెలికి చెప్పడం మొదలుపెట్టింది. చిన్న మామ్మ మాసిన చీరలోనే ఉంది, చేతులకి చేప పొలుసు. బొంత దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నాన్న నొక్కేశాడు.

"చెప్పకుండా నొక్కేశావేంట్రా!" అని మామ్మ కేకలు.

ఫొటో వచ్చింది. మామ్మ కళ్లు మూసుకుపోయాయి. చిన్న మామ్మ నోరు బార్లా తెరిచి ఉంది. నాన్న "పాడైందే" అన్నాడు. మామ్మ మాత్రం దాన్నే లంకకి పట్టుకెళ్లింది. చిన్న మామ్మ కిటికీ దగ్గర నిలబడి, ముక్కుకి ఆనించుకుని చాలాసేపు చూసింది.

"అక్కా... ఇంత ముసలిదానివైపోయావేంటే!"

"నువ్వేమైనా పెళ్లికూతురివా?" అంది మామ్మ. మళ్లీ ఇద్దరూ మొదలు!

రెండేళ్లకి చిన్న మామ్మకి చూపు పూర్తిగా పోయింది. అయినా ఇంటికెవరొచ్చినా ఆ ఫొటో తీసి, వేలు పెట్టి చూపించేది. "ఇదిగో మా అక్క... కళ్లు మూసుకుంది చూడండి. ఇది నేను." ఒక్కసారి కూడా వేలు తప్పలేదు.

మొన్న మా అమ్మాయి ఫోన్లో ఫొటోలు ఏరుతుంటే పక్కన కూర్చున్నాను. కళ్లు మూసుకున్నవీ, నోరు తెరిచినవీ చకచకా చెరిపేస్తోంది... నాకు చిన్న మామ్మ వేలు గుర్తొచ్చింది.

అలా పాడైన ఫొటో మీ ఇంట్లో ఏదైనా మిగిలి ఉందా అండీ? ఉంటే అందులో నవ్వుతున్నది ఎవరో కాస్త చెప్పరూ...