క్లచ్ కాలు

చంద్రప్పకు కుడికాలు, ఎడమకాలు అనే లెక్క లేదు. ఒకటి బ్రేకు కాలు, ఇంకొకటి క్లచ్ కాలు. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా "క్లచ్ కాలికి" అనే చెప్పేవాడు. ఇరవై రెండేళ్లుగా జహీరాబాద్ నుంచి న్యాల్‌కల్‌కు జీపు తోలుతున్నవాడు మరి. ఆ కాలు ఎన్ని లక్షల సార్లు క్లచ్ తొక్కిందో, చివరికి తుంటి దగ్గర ఎముక అరిగిపోయింది. తొక్కీ తొక్కే అరిగిందని అతని వాదన. డాక్టర్లు ఇంకేదో పేరు చెప్పారు కానీ దానికి అతని నోరు తిరగలేదు.

ఎనభై ఆరు ఎండాకాలంలో హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానలో అతనికి తుంటి మార్చారు. అరిగిన గుండు తీసేసి ఉక్కు గుండు పెట్టారు. మత్తు పూర్తిగా దిగిందో లేదో, పెద్ద డాక్టరును చంద్రప్ప అడిగిన మొదటి మాట ఇది.

"సార్, ఎన్ని కిలోమీటర్ల దాకా పైలంగ ఉండాలె?"

డాక్టరు బిత్తరపోయాడు. మంచం పక్కనే నిలబడ్డ భార్య సంగమ్మ తల కొట్టుకుంది. చంద్రప్ప మాత్రం ఓపికగా విడమరిచి చెప్పాడు. ఇంజన్‌కు బోరు చేయించాక వెయ్యి కిలోమీటర్ల దాకా బండి నలభై దాటకూడదు, నిండా లోడు వేయకూడదు. అప్పుడే కొత్త సామాను ఒకదానికొకటి అలవాటు పడుతుంది. జహీరాబాద్ జీపుల అడ్డా దగ్గరి మెకానిక్ బస్వరాజ్ చెప్పిన ఈ మాటను అతను ఏనాడూ తప్పలేదు.

డాక్టరు పగలబడి నవ్వాడు. "మూడు నెలలు బండి ముట్టొద్దు. కింద కూర్చోవద్దు, కాలు మీద కాలు వేయొద్దు. మూడు నెలలయ్యాక వచ్చి నాకు చూపించు. నేను సరేనన్నాక నీ వెయ్యి కిలోమీటర్లు మొదలుపెట్టుకో" అన్నాడు.

ఆయన సరదాకు అన్నాడు. చంద్రప్ప దాన్ని చీటీలో రాసిన మందులాగా తీసుకున్నాడు.

ఆ మూడు నెలలు సంగమ్మకు చుక్కలు కనిపించాయి. మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసింది. కింద కూర్చుని తినే మనిషికి ఎత్తు కుర్చీ తెచ్చి వేసింది. ఆయనగారు ఆ కుర్చీలో కూర్చుని, ఇంకొక ఇటుక ముందర పెట్టించుకుని, దాన్నే క్లచ్ అనుకుని తొక్కుతూ ఉండేవాడు. తిడితే నవ్వేవాడు. ఒక పొద్దున మాత్రం నవ్వలేదు.

"పిలిస్తె వస్తలేదే ఈ కాలు. నాది కాదనిపిస్తుంది. బండి ముంగటికి ఎవలన్న వస్తె, అప్పుడు గిట్ల రాకపోతె ఎట్ల?"

సంగమ్మ ఆ ఇటుకను కాలికి ఇంకాస్త దగ్గరికి జరిపింది. జీపు తోలని చంద్రప్ప ఎట్లా ఉంటాడో ఆమెకూ తెలియదు, అతనికీ తెలియదు. ఆ భయం ఇద్దరికీ ఒక్కటే.

మూడు నెలలయ్యాక డాక్టరు చూసి సరేనన్నాడు. మోకాలు తుంటి కన్నా పైకి రాకూడదన్నాడని సంగమ్మ సీటు మీదికి దూది మెత్త కుట్టింది. ఎక్కి కూర్చుంటే చంద్రప్ప తల జీపు పైకప్పు గుడ్డకు తగిలింది. సగం దూది తీసి మళ్లీ కుట్టింది.

అసలు చిక్కు ముందు సీటు దగ్గర వచ్చింది. మామూలుగా డ్రైవరు పక్కన ఇద్దరు కూర్చుంటారు, ఒకరి మోకాళ్ల నడుమ గేరు రాడ్డు ఉంటుంది. ఎవరైనా క్లచ్ కాలికి ఒక్క పోటు పొడిస్తే? ఆ సీటు అన్నది ఊరి పెద్దలది, పోలీసులది, ముఖ్యంగా న్యాల్‌కల్ అల్లం ఆసామి గురులింగప్పది. సంగమ్మ ఇరవై రెండేళ్లలో ఎప్పుడు జీపెక్కినా వెనుక గంపల మధ్యనే.

ఆ రోజు కొంగు నడుముకు చెక్కి తనే ముందు ఎక్కింది. "నేను కూసుంట. ఎవడు తగుల్తడో చూస్త" అంది.

మొదటి రోజు ప్యాసింజర్లు లేరు, చిరాగ్‌పల్లి దాకానే. చంద్రప్ప క్లచ్ తొక్కాడు, కాలు వణికింది. జీపు ఒక్క ఎగురు ఎగిరి ఆగింది. మళ్లీ అదే అయింది. అడ్డాలో డ్రైవర్లంతా చూస్తున్నారు. బస్వరాజ్ చేతులు తుడుచుకుంటూ వస్తుంటే సంగమ్మ "నువ్వు రాకు అన్నా, ఆడ్నే ఉండు" అని ఆపేసింది. మూడోసారి బండి కదిలింది.

పెద్ద రోడ్డు మీద లారీలు హారన్లు కొడుతూ దాటిపోతున్నాయి. చంద్రప్ప ముప్పై ఐదు దాటలేదు. చిరాగ్‌పల్లి ఇంకాస్త దూరం ఉందనగా చెరుకు తోటలోంచి ఒక బర్రె ఉన్నట్టుండి రోడ్డెక్కింది. ఆలోచించే వ్యవధి లేదు. రెండు కాళ్లూ వాటంతట అవే పని చేశాయి. జీపు బర్రెకు రెండు గజాల దూరంలో ఆగింది. అదే క్షణంలో పక్కన రేకు మీద ధన్‌మని చప్పుడైంది.

చంద్రప్ప వంగి చూశాడు. సంగమ్మ ఎడమ పాదం, మెట్టెలతో సహా, బలంగా నేలకు అదిమి ఉంది.

"ఏం జేస్తున్నవే?"

"తొక్కుతున్న. అడ్డా కాడి నుంచి నువ్వు తొక్కినప్పుడల్ల తొక్కుతనే ఉన్న. సగం బరువన్న నా మీదికి రాదా అని."

చంద్రప్ప కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక కూడా కళ్లు తడిగానే ఉన్నాయి. బర్రె తన దారిన తను పోయింది.

మర్నాటి నుంచి సగం లోడుతో న్యాల్‌కల్ సర్వీసు మొదలైంది. వెనుక నలుగురే, ముందర సంగమ్మ. గురులింగప్ప గొణుగుతూ వెనకాల కూర్చున్నాడు. సంగమ్మ రోజూ మీటరు వైపు చూసి "ఎన్నైనయ్?" అని అడిగేది. మూడు వందలు అయ్యాయి, ఆరు వందలు అయ్యాయి. కాలు ఇప్పుడు పిలిస్తే వస్తోంది. సంగమ్మ కాలు మాత్రం తొక్కడం మానలేదు.

ఒకసారి అల్లం తోటలు దాటుతుంటే ఆమె ముందు అద్దంలోంచి రోడ్డు వైపు అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

"ఎన్కకు కూసోని ఇన్నేండ్లు పోయిన తొవ్వనే చూసిన. వచ్చే తొవ్వ గింత మంచిగుంటదా?"

ఆ ఒక్క సీటు తన చేతిలో ఉండి కూడా, ఆమెను కూర్చోబెట్టాలని ఎన్నడూ తోచలేదే అనుకున్నాడు చంద్రప్ప. ఆ రోజంతా ముప్పై దాటకుండా తోలాడు.

వెయ్యి నిండిన మర్నాడు పొద్దున్నే గురులింగప్ప భుజం మీద కండువా సవరించుకుంటూ ముందు తలుపు దగ్గరికి వచ్చాడు.

"వెయ్యి అయినయంట గద చంద్రప్పా, బస్వరాజ్ చెప్పిండు. జర దిగమ్మా."

సంగమ్మ టిఫిను గిన్నె, నీళ్ల చెంబు తీసుకుని ఒక కాలు కిందికి పెట్టింది.

చంద్రప్ప మీటరు మీది దుమ్మును తీరిగ్గా తుడిచాడు. "వెయ్యి అన్నది ఇంజన్‌కు పటేలా. తుంటికి ఎంతనో డాక్టర్‌సాబ్ చెప్పనే లేదు. ఫికర్ చెయ్యకుండ్రి, ఎన్క మంచిగ జాగున్నది."

గురులింగప్ప సణుగుతూ వెనక్కి నడిచాడు. సంగమ్మ దించిన కాలు మళ్లీ పైకి తీసుకుంది.

"డాక్టర్ సారు వెయ్యే అన్నడు గద. అప్పుడు నేను పక్కకే ఉంటి" అంది మెల్లగా.

"ముచ్చట్లు చాలు గని, తొక్కు" అన్నాడు చంద్రప్ప.

ఇద్దరూ తొక్కారు.