సూరమ్మ కోలాటం క్యాసెట్టు

“అసలు మీ ఇంట్లో టేప్ రికార్డర్ ఉందా?”

1989లో రాయపూర్ జయస్తంభం చౌక్ దగ్గరి క్యాసెట్ల దుకాణంలో సేఠ్ పదిమంది ముందర సూరమ్మను హిందీలో అడిగిన ప్రశ్న ఇది. టేప్ రికార్డర్ లేదు. అయినా ఆమె తడుముకోలేదు.

“మా ఇంట్లో కుళాయి కూడా లేదు సేఠ్‌జీ. నీళ్లు తాగడం మానేశామా?” అంది, ఆ హిందీలోనే, శ్రీకాకుళం సాగదీతతో.

సూరమ్మకు అప్పటికి యాభై ఆరేళ్లు. పెళ్లయిన ఏడాదే టెక్కలి దగ్గరి పల్లె నుంచి వచ్చేసింది. భర్త రైల్వే వర్క్‌షాపులో ఖలాసీ, తను రైల్వే ఆసుపత్రిలో ఆయా. ఇలాంటి మనిషిని గురించి రాయబోతే ఓర్పు, త్యాగం అనే మాటలు పిలవకుండానే వచ్చి కూర్చుంటాయి. సూరమ్మకు ఓర్పు లేదు. త్యాగం చేసిన దాఖలాలూ లేవు. ఆమెకున్నది కోలాటం. రైల్వే కాలనీలో పదహారు మంది ఆడవాళ్ల చేత కర్రలు పట్టించి, ఇరవై ఏళ్లపాటు తానే ముందు నిలబడి పాడింది.

కిందటేడు గొంతులో గడ్డకు ఆపరేషనయింది. గడ్డతోపాటు పాట కూడా పోయింది. మిగిలిన బొంగురు గొంతు తిట్టడానికి సరిపోతుంది గానీ పాట ఎత్తుకోవడానికి చాలదు.

కోలాటంలో ముందు ఎత్తుకునేది ఒకరు, వెనక అందుకునేది అందరూ. రాయపూర్‌లోనే పుట్టి హిందీ బళ్లలో చదివిన ఆడపిల్లలకు అందుకోవడమే వచ్చు.

“అత్తా, నువ్వు షురూ చేస్తే మొత్తం యాద్ వస్తాది. లేకపోతే దిమాగ్ ఖాళీ,” అంది సుభద్ర. జట్టులో చురుకైన పిల్ల అదే.

వర్క్‌షాపులో సెలవు దొరకదు కనుక తెలుగు సంఘం వారి ఉగాది అసలు పండగ తర్వాతి ఆదివారం వస్తుంది. సంఘం కార్యదర్శి భీమారావు మోవాలో సొంతిల్లు కట్టుకున్న ఆఫీసు మనిషి. ఆయన సూరమ్మను పిలిచి మెత్తగానే చెప్పాడు.

“సూరమ్మగారూ, కోలాటం క్యాసెట్టుంటే తెండి, స్పీకర్లో వేద్దాం. లేదంటే ఆ పావుగంటా పిల్లల హిందీ డాన్సుకి ఇచ్చేస్తాను.”

ఒకసారి ఇచ్చేస్తే ఆ పావుగంట మళ్లీ తిరిగి రాదని సూరమ్మకు తెలుసు. గడువు మూడు వారాలు.

సూరమ్మ క్యాసెట్టు కోసం వెళ్లిన ఆ దుకాణం గుమ్మంలో రెండు నిలువెత్తు స్పీకర్లు. కొనేవాడు ఏం అడుగుతున్నాడో అమ్మేవాడికి వినపడదు. గోడల నిండా హిందీ హిట్లు. దక్షిణాది మొత్తానికీ కలిపి నేలకానుకుని ఒక్కటే అర, దానిపైన ‘మద్రాసీ’ అని చీటీ.

“కోలాటమా? డాండియానే కదా! గుజరాతీది ఉంది, తీసుకోండి,” అన్నాడు సేఠ్.

“కర్రలు ఒక్కటే సేఠ్‌జీ, కాళ్లు వేరు.”

సేఠ్ నిట్టూర్చి అడుగు అరలోంచి ఒకటి లాగాడు. అమ్మేముందు కౌంటర్ మీది టేపులో రెండు నిమిషాలు వినిపించడం ఆ దుకాణం పద్ధతి. దానికి టెస్టింగ్ అని పేరు. సూరమ్మ విని, “ఇది అరవం,” అంది. ఇంకోటి పెట్టాడు. “ఇది మలయాళం.”

“మీవన్నీ ఒకటే కదా?”

“అయితే మీ మార్వాడీ, ఛత్తీస్‌గఢీ కూడా ఒకటేనా?”

సేఠ్ నొచ్చుకున్నాడు. నాగపూర్ నుంచి తెప్పిస్తానని ఇరవై రెండు రూపాయలు ముందే పుచ్చుకున్నాడు. తర్వాత రెండు శనివారాలూ ‘అగలే హఫ్తే’ అని వచ్చే వారానికి నెట్టాడు. మూడో శనివారం, అంటే సంఘం ఉగాదికి ముందురోజు ఉదయం, క్యాసెట్టు వచ్చింది. అట్టమీద కర్రలెత్తిన ఆడవాళ్ల బొమ్మ, తెలుగు అక్షరాలు. సేఠ్ పైకాగితం చింపి టేపులో పెట్టాడు. పాట రాలేదు. ఎవరో పెద్దాయన గొంతు సవరించుకుని, “నాయనలారా! ఈ శరీరం నీటి బుడగ,” అన్నాడు. రెండో వైపు తిప్పారు. అదే పెద్దాయన, అదే బుడగ.

“డబ్బులిచ్చెయ్యండి.”

“తెలుగు అడిగారు, తెలుగే ఇచ్చాను. సీలు విప్పిన సరుకు వాపసు లేదు.”

“విప్పింది మీరే కదా!”

“టెస్టింగ్ కోసం విప్పాను.”

ఈ వాదనలో ఓడిపోతున్నప్పుడే సేఠ్ ఆ టేప్ రికార్డర్ ప్రశ్న వేసింది. కుళాయి జవాబుకు వెనకున్నవాళ్లంతా నవ్వారు. సేఠ్ ముఖం ఎర్రబడింది. ‘22 రూపాయలు జమ, వేరే క్యాసెట్టులో సర్దుబాటు’ అని చీటీ రాసి ఇచ్చి, “ఈ బుడగను నేనెవరికి అమ్మను? ఇదీ మీరే పట్టుకుపోండి,” అన్నాడు.

సూరమ్మ నేరుగా భర్తతో పనిచేసే జోగయ్య క్వార్టరుకు వెళ్లింది. కాలనీలో టేప్ రికార్డరున్నది ఆయనకే.

“ఒదినా, దీని మీదే కొత్తగా ఎక్కించుకోవచ్చు. ఈ మూల సిల్లులకి కాయితం అంటిస్తే సాలు,” అన్నాడు జోగయ్య.

“మరి పాడేదెవులు? నా గొంతు సూత్తన్నావు కదా!”

“నువ్వు మాట సెప్పు, ఆల్లు పాడతారు. నువ్వు సెప్పినంతసేపూ నాను మీట నొక్కి ఆపుతాను.”

ఆ మధ్యాహ్నం జోగయ్య గదిలో పదహారు మంది ఇరుక్కుని కూర్చున్నారు. చప్పుడు పడుతుందని ఫ్యానాపేశారు. సూరమ్మ బుసకొట్టినట్టు ఒక్కో చరణం చెప్పి కర్రలతో తాళం వేసింది, వాళ్లు పాడారు. నాలుగో పాటకు సుభద్ర ఆగకుండా ముందుకు పోయింది.

“ఏటే, నాను సెప్పకుండానే?”

“యాద్ వచ్చేసింది అత్తా!”

ఒక్కో పాట అవగానే జోగయ్య దాన్ని వెనక్కి తిప్పి వినిపించేవాడు. బాగుందని అందరూ ఒక్కసారిగా మాట్లాడే గోలలో టేపు కాస్త ముందుకు జరిగిపోయేది. ఆయన అక్కడి నుంచే తర్వాతి పాట ఎక్కించేవాడు. ఆ మధ్య ఖాళీల్లో ఎవరున్నారో ఎవరికీ తట్టలేదు.

మర్నాడు సంఘం హాల్లో మొదటి పాట ముగిసి, ఆడేవాళ్లు వరస తిరుగుతుండగా, స్పీకర్ గొంతు సవరించుకుంది.

“నాయనలారా! ఈ ఆటంతా ఎంతసేపు?”

అడుగులు తడబడ్డాయి. పక్కనున్న సూరమ్మ కర్రలు టకటకలాడించి, “అడుగాపకండే!” అని బొంగురుగా అరిచింది. పదహారు మందీ పెద్దాయన మాటలకే అడుగులు వేశారు. జనం పడీపడీ నవ్వారు. రెండో పాటయ్యాక ఆయన, “అలిసిపోలేదా తల్లీ?” అన్నాడు. “లేదు!” అని ఆడేవాళ్లే జవాబిచ్చారు. భీమారావు స్పీకర్ ఆపబోతే, “ఉంచండి, పెద్దాయన్నుంచండి!” అని కేకలు. పావుగంట కాస్తా నలభై నిమిషాలైంది.

మరుసటేడు పాటలు సుభద్రే ఎత్తుకుంది. క్యాసెట్టు పెద్దాయన మాటల కోసం మాత్రమే వేశారు, జనం అడిగారని.

టాటీబంధ్ నుంచి, మోవా నుంచి తెలుగువాళ్లు దుకాణానికి పోయి ‘సూరమ్మ కోలాటం’ కావాలని అడగడం మొదలుపెట్టారు. సేఠ్ స్కూటరేసుకుని స్వయంగా ఆసుపత్రికొచ్చాడు.

“అమ్మాజీ, ఆ క్యాసెట్టొకసారి ఇవ్వండి. వంద కాపీలు అమ్ముతాను.”

సూరమ్మ బొడ్లోంచి చీటీ తీసింది. “ముందు ఇది.”

“ఏదో ఒక క్యాసెట్టు తీసుకోండి, సర్దేస్తాను.”

“క్యాసెట్టొద్దు. డబ్బు.”

“డబ్బు వాపసివ్వడం మా దుకాణంలో లేదమ్మా.”

“సీలు విప్పిన క్యాసెట్టు బయటికియ్యడం మా ఇంట్లో లేదు.”

సేఠ్ స్కూటరెక్కి వెళ్లిపోయాడు. ఆ వంద కాపీలూ పుట్టనేలేదు.

2000 నాటికి ఆ దుకాణంలో అన్నీ సీడీలే. ‘మద్రాసీ’ అర మాత్రం అడుగునే ఉంది. అరవై ఏడేళ్ల సూరమ్మ ఉగాదికి ముందు శనివారం చీటీ పట్టుకుని అక్కడికి వెళ్లివచ్చింది. ఇరవై రెండు రూపాయలు ఇంకా రావాలి.