నేను వెళ్లని వెస్టిండీస్

ఆ రోజుల్లో మా కోరుట్ల చుట్టుపక్కల గల్ఫ్‌కు పోయేవాడెవడూ వీసా చేతికందేదాకా పైకి చెప్పేవాడు కాదు. దిష్టి తగులుతుందని భయం. ఎవరైనా అడిగితే "నేనెక్కడికి పోత, పొలం చూసుకుంట" అనేవాడు. అలా అన్నాడంటే త్వరలోనే విమానం ఎక్కుతాడని ఊరందరికీ అర్థమైపోయేది. ఈ ఆచారం నా మెడకు చుట్టుకుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

అప్పుడు నేను ఒక ప్రైవేటు బడిలో తాత్కాలిక పంతులును. ఉద్యోగం ఖాయం కావాలంటే ఎమ్మే ఉండాలి. అందుకని ఇంటి దగ్గర చదువుకుంటూ చరిత్ర పరీక్షలకు ఫీజు కట్టాను. చివరి పేపరు వెస్టిండీస్ దీవుల చరిత్ర, సంస్కృతి. (అప్పటిదాకా నాకు ఆ దీవులంటే రేడియోలో క్రికెట్టే.) ప్రతి పనీ పద్ధతిగా చేసే జబ్బు అప్పటికే ఉంది కనుక, అద్దె గది గోడ నిండా పటం గీసి అంటించాను. వాటిని ఏలిన ఒక్కో దేశానికి ఒక్కో రంగు వేశాను. ఇంటి యజమానురాలు, నేను అవ్వా అని పిలిచే ఆవిడ, పటం చూసి గడపలోనే ఆగిపోయింది.

"ఎప్పుడు పోతున్నవ్ కొడుకా?"

"ఇది పరీక్షకవ్వా. నేనెక్కడికీ పోను."

అవ్వ ముఖం వెలిగిపోయింది. "గట్లనే అనాలె. నేనెవ్వలకు చెప్ప."

సాయంత్రానికల్లా వాడకట్టు వాళ్లు గల్ఫ్‌లో ఉన్న తమవాళ్ల కోసం పచ్చడి సీసాలు, సకినాల డబ్బాలు మోసుకొచ్చారు. ఇవి వేరే దీవులని, చెరకు తోటల్లో పనికి మనవాళ్లను ఓడల్లో తీసుకుపోయారని చరిత్రంతా విడమర్చి చెప్పాను. "చూసినవా, అన్ని అడిగి అర్సుకునే పోతుండు" అని మెచ్చుకుంటూ డబ్బాలు అక్కడే పెట్టి వెళ్లారు. ఇక చదువు సాగితే ఒట్టు.

బడి పెద్దసారు కూడా పిలిపించారు. "నీ జాగల ఇంకొకల్ని చూస్తున్న. నడిమిట్ల ఇడిసిపోతే పిల్లలు ఆగమైతరు."

"నేను పోను సార్."

"వీసా అచ్చేదాక అందరిది గదే మాట."

పరీక్ష రాయడానికి జగిత్యాల బస్సెక్కుతుంటే నలుగురు సాగనంపడానికి వచ్చారు. ఒకామె కళ్లు కూడా తుడుచుకుంది. ఫలితాలొచ్చాయి, ఆ పేపరు తప్పాను. ముఖం వేలాడేసుకుని వెళ్లి "పోయింది సార్" అంటే పెద్దసారు లేచి నా భుజం మీద చెయ్యేశారు.

"వీసా కొట్టేసిన్రా? పోనీ తియ్. నీ జాగ నీకే ఉంచుత."

పరీక్ష తప్పి ఉద్యోగం నిలబెట్టుకున్నవాణ్ని నేనొక్కణ్నే కావచ్చు. మరుసటి ఏడు పటం లేకుండానే చదివి పాసయ్యాను, ఆ బడిలోనే రిటైరయ్యాను. ఇవాళ్టికీ ఆ దీవులను వరుస తప్పకుండా చెప్పగలను. సముద్రంలోకి మాత్రం ఒకే ఒక్కసారి, విశాఖలో, మోకాళ్ల లోతుదాకా దిగాను. అదీ మా ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని.