సదయ్య హారన్ కొట్టేదాకా

జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి లింగమూర్తికి చెయ్యి వణుకుతోంది. చాయ్ గ్లాసు పట్టుకుంటే సగం అంగీ మీదే. ఓపెన్ కాస్టు గనిలో డంపర్ నడిపే మనిషిని తెచ్చి హాజరు వేసే టైమాఫీసు ముందు బెంచీ మీద కూర్చోబెట్టారు. అతని డంపర్లో బొగ్గు తోడిపోసే షావల్ మిషన్ నడిపేది సదయ్య. సదయ్య ఆ వణుకు సంగతి ఎన్నడూ ఎత్తలేదు. చాయ్ పోసేటప్పుడు మాత్రం అతనికి సగం గ్లాసే పోసేవాడు.

ఆ వారమే గోదావరిఖనిలో ఒక కాలేజీకి సుప్రజ అనే ఇంజనీరమ్మ వచ్చింది. వెంట ఒక కుర్చీ, రెండు పిడులు, పెద్ద తెర. అంతరిక్ష నౌక తనంతట తాను నడవడం మానేస్తే, మనిషి దాన్ని చేత్తో ఎట్లా నడిపి పైనున్న స్టేషన్‌కు అంటిస్తాడు, ఎక్కడ తడబడతాడు అని ఆమె పరీక్ష. బండ్లు నడిపేవాళ్లెవరైనా రావచ్చన్నారు.

"ఆ మిషన్ మీద నీ చెయ్యి నిలిస్తే మళ్లీ డంపర్ ఎక్కిస్త పో" అని గని డాక్టరు నవ్వాడు. లింగమూర్తి నవ్వలేదు.

మైసమ్మ తల్లికి మొక్కుకుని, పిడిని తాకి కళ్లకద్దుకుని కూర్చున్నాడు. వెనకాల సదయ్య నిలబడ్డాడు. తెర మీద స్టేషన్ దగ్గరికొచ్చింది. ఇంకో మూరెడు ఉందనగా నౌక ఆగింది.

"ఆపేశారేం బాబాయ్?" అంది సుప్రజ.

"ఆళ్లు హారన్ కొట్టలే గద బిడ్డా."

"ఎవరు?"

"లోపలున్నోళ్లు. షావలాయన కొట్టకుంట బండి ఆనిస్తే మనుషులు నలుగుతరు."

"అక్కడ గాలి ఉండదండీ. కొట్టినా వినపడదు."

"గట్లయితే ఇంక పైలంగ, జాగ్రత్తగ ఉండాలె."

తెర మూలన ఇంధనం తగ్గిపోతోంది. సదయ్యకు ప్రాణం ఆగలేదు. నోటితోనే "పోం" అన్నాడు. నౌక దూదిపింజలా వెళ్లి అంటుకుంది.

"చాలా బాగుంది. ఇక విడిపించుకుని వెనక్కి రండి" అంది సుప్రజ. పని అయిపోయిందనుకుని సదయ్య చాయ్ తేవడానికి పోయాడు. లింగమూర్తి కదల్లేదు.

"లోడ్ నిండి మళ్ల హారన్ పడాలె గద."

"లోడ్ ఏమీ లేదు బాబాయ్."

"గంత దూరం పొయ్యి ఖాళీగ వస్తమా?"

సుప్రజ అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూ తనే "పోం" అంది.

"నీది స్కూటర్ లెక్కుంది బిడ్డా" అన్నాడు లింగమూర్తి మెత్తగా.

రెండు చేతుల్లో చాయ్‌లతో వచ్చిన సదయ్య గుమ్మంలోంచే హారన్ కొట్టాడు. నౌక వెనక్కి మళ్లింది.

తెర మీది గీతలు చూసి సుప్రజ అంది: "చెయ్యి ఎక్కడా వణకలేదు. కానీ ఈయన లేకపోతే?"

"నేనెటు పోత మేడం" అన్నాడు సదయ్య.

డాక్టరు మాట తప్పలేదు. డంపర్ ఎక్కించాడు, సదయ్య షావల్ దగ్గరే నడపాలని షరతు పెట్టి.

మొదటి రోజు షిఫ్టు దిగాక సదయ్య అలవాటుగా సగం గ్లాసు అందించాడు.

"ఇగ నిండ పొయ్యి బావా" అన్నాడు లింగమూర్తి.

సదయ్య నిండా పోశాడు. సగం అంగీ మీద పడింది.

మిగిలిన సగం ఇద్దరూ పంచుకుని తాగారు.