నల్లద్దాలతో నీళ్లలోకి

నాచారం దారి కార్ఖానాల సైరన్‌తో నిద్ర లేచే రోజులవి. బోడుప్పల్ అవతలి చెరువుల్లో ఇంకా నీళ్లుండేవి, ఆ నీళ్లకు ఎవరూ టికెట్ అడిగేవారు కాదు. అలాంటప్పుడు నాచారంలో టికెట్ పెట్టి ఈదించే కొలను ఒకటి తెరిచారంటే నాకు నవ్వాగలేదు. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి గానీ ఈత మాత్రం నడకతోపాటే వచ్చింది. జనగామ దిక్కు మా ఊళ్లో ఎవరి బిందె బావిలో పడినా నన్నే పిలిచేవారు. కళ్లు గట్టిగా మూసుకుని మునగడం, కాళ్లతో అడుగంతా తడమడం, తగిలినదాన్ని పట్టుకుని పైకి రావడం, ఇదే నా విద్య. (కళ్లు తెరిస్తే బావిలో ఏముందో తెలిసిపోతుంది. తెలిశాక ఎవరు దూకుతారు?)

అప్పుడు నేను అగరబత్తుల కార్ఖానాలో పనిచేస్తున్నాను. ఆ వాసన ఒంటికి ఎంతగా పట్టిందంటే, ఆదివారం చర్చిలో నా పక్కన కూర్చున్నవాళ్లు నేను గుడి నుంచి నేరుగా వచ్చాననుకునేవారు. ఆ కొలనులో ఆడవాళ్ల బ్యాచికి కాపలా ఉండడానికి ఈతొచ్చిన ఆడమనిషి కావాలని తెలియగానే పరుగెత్తాను. నీళ్లలో ఉండే పని, వాసన లేని పని! నా ప్రాణమంతా దాని మీదే పెట్టుకున్నాను. అక్కడి పెద్దాయన సైనిక్‌పురి నుంచి సైకిల్ మీద వచ్చే మాజీ సైనికుడు, అందరూ సుబేదార్ సార్ అనేవారు. "ఈతొస్తే సాల్దమ్మా, కండ్లు తెర్చి ఈదాలె. మునిగేటోళ్లని కండ్లు మూసుకొని ఎట్ల ఎతుకుతవ్?" అన్నాడు. తెరిచాను. నీళ్లలో కలిపిన మందుకు సాయంత్రానికి కళ్లు పండు మిరపకాయలయ్యాయి.

మా ఆయన లేతు కార్ఖానాలో గ్రైండింగ్ పని చేసేవాడు. నా కళ్లు చూసి మర్నాడు తన పని అద్దాలు తెచ్చి నా ముఖానికి కట్టాడు. "నిప్పురవ్వలనే ఆపుతయే, నీళ్లొక లెక్కనా?" అన్నాడు. గాలి ఆడడానికి వాటి పక్కల చిన్న చిన్న బెజ్జాలుంటాయన్న సంగతి నాకు నీళ్లలో మునిగాక తెలిసింది. రెండు కళ్ల ముందూ రెండు గిన్నెల నీళ్లు మోసుకుంటూ పైకొచ్చాను. "నీ అద్దాలు మస్తున్నయ్ గని, అండ్ల శాపపిల్లలు పెంచుకో" అని ఆయన చేతిలో పెట్టాను.

దాంతో ఈత అద్దాల కోసం ఇద్దరం ఉప్పల్ చౌరస్తా దగ్గరి ఆట సామాన్ల దుకాణానికి వెళ్లాం. దుకాణం సేటు మంచివాడు, ఓపికగా చెప్పాడు. "అక్కా, ముందుగాల పట్టీ వేసుకోకు. ఉత్తగ కండ్ల మీద పెట్టి జర ఒత్తు. చెయ్యి తీసినా గట్లనే అతుక్కోని ఉంటె అది నీ మొఖానికి సరిపోయినట్టు. జారిపోయిందా, పక్కకు పెట్టు." ఒకటి పెట్టాను, జారింది. ఇంకోటి పెట్టాను, ముక్కు దూలం మీద లేచి నిలబడింది. నా వెనక మా ఆయన కూడా ఊరుకోకుండా ఒకటి ఒత్తుకుని చేతులు వదిలి, కప్పలా నిలబడి, "సూడు సూడు, నాకు అతుక్కున్నయ్!" అని సంబరపడ్డాడు. (ఆయనకు ఈత రాదు.) చివరకు నాకు రెండు జతలు కుదిరాయి, ఒకటి తెల్లద్దాలది, ఒకటి నల్లద్దాలది. "తెల్లయి నీడల, కొలన్ల. నల్లయి ఎండల, చెరువుల" అన్నాడు సేటు. రెండూ తీసుకున్నాం. సేటు మాట విన్నాను గానీ, చెవిన పెట్టలేదు.

ఎందుకంటే నల్లవి పెట్టుకుని అద్దంలో చూసుకున్నాను. పోస్టర్ మీద మనిషిలా ఉన్నాను! పనిలోకి తీసుకునే ముందు సార్ పెట్టే పరీక్షకు వెళుతూ ఆ బోసి తెల్లద్దాలు ఎవరు పెట్టుకుంటారు? తెల్లవారుజామున, రేకుల కప్పు కింద, పచ్చ జాలీ తెరలు కట్టిన ఆ కొలనులోకి నల్లద్దాలతో దూకాను. సుబేదార్ సార్ లోతు వైపు అడుగున గుండ్రటి ఇనుప బిళ్ల వేశాడు, దాన్ని తేవాలి. లోపల నాకు అమావాస్య. పాత విద్యే గతి. కాళ్లతో తడిమాను. ఇనుము తగిలింది. లాగాను, రాలేదు. ఇంత చిన్న బిళ్ల నాకు రాకపోవడమేమిటని రోషమొచ్చి, రెండు కాళ్లూ నేలకు తన్ని పెట్టి పీకాను. వచ్చింది. గర్వంగా గట్టు మీద పెట్టాను.

సుబేదార్ సార్ దాన్ని చూశాడు, నన్ను చూశాడు. "అమ్మా, ఇది బిళ్ల కాదు. నీళ్లు పోయే తూముకేసిన జాలీ."

ఆడవాళ్లంతా నవ్వులు. సార్ మాత్రం నవ్వలేదు. "రేపు పొద్దుగాల చెరువు కాడికి రా. గదే ఆఖరి మోక" అన్నాడు. (వేసవి బ్యాచీలను చెరువుకు కూడా తీసుకెళ్లేవారు, కాబట్టి అక్కడా ఈదగలగాలి.) ఆ రాత్రి నల్లద్దాలను బియ్యం డబ్బా వెనక్కి విసిరేసి, ఇక వాటి ముఖం చూడనని ఒట్టేసుకున్నాను.

చెరువుకు తెల్లద్దాలతో వెళ్లాను. ఎదురుగా పొద్దు పొడుస్తోంది. సార్ దూరంగా ఒక లారీ ట్యూబు వదిలించి, "అదే మునిగే మనిషనుకో, ఒడ్డుకు పట్కరా" అన్నాడు. తల నీళ్లలోంచి ఎత్తితే చాలు, చెరువంతా ఒకటే మెరుపు. కళ్లు చికిలించి చూస్తే నల్లగా గుండ్రంగా ఏదో తేలుతోంది. ఇంకేం, వెళ్లి వాటేసుకున్నాను. అది వెచ్చగా ఉంది. బుస్సుమంది కూడా. అప్పటికే నా చేయి కొమ్మును పట్టుకుంది, పట్టుకున్నదాన్ని వదలడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు. ఈడ్చుకుంటూ వస్తుంటే ఆ బర్రె కూడా ఎందుకో మారు మాట్లాడకుండా వచ్చింది. గట్టు మీద దాని ఆసామి లబలబలాడుతున్నాడు. "ఓ అమ్మా! నా బర్రె ఏమన్న మునుగుతుందా? ఏడికి గుంజుకపోతున్నవే దాన్ని?"

ఒడ్డుకొచ్చి అద్దాలు తీశాను. ట్యూబు అవతల తీరిగ్గా తేలుతోంది. ఇక అగరబత్తులే గతి అనుకుని తల దించుకున్నాను. చూస్తే సుబేదార్ సార్ గట్టు మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు. "తూముల జాలీని ఇడ్వలే, చెరువుల బర్రెను ఇడ్వలే. ఏది దొరికితే అది ఒడ్డుకు తెస్తది ఈ అమ్మ! గసొంటిదే కావాలె నాకు. ఎల్లుండి సంది డ్యూటీకి రా. గని, ఏ అద్దాలు ఏడ పెట్టాల్నో ఆ సేటును మళ్ల అడుగు, నీకు దండం."

చాలా ఏళ్లు ఆ కొలను గట్టు మీద కాపలా కూర్చున్నాను, తెల్లద్దాలతోనే. మొన్న కంటికి ఆపరేషన్ అయింది. దవాఖానాలో మళ్లీ నల్లద్దాలు పెట్టారు. పోస్టర్ మీద మనిషినే అనుకుని మురిసిపోతూ, మనవరాలి చేయి గట్టిగా పట్టుకుని బయట ఆటో దాకా నడిచాను. "అమ్మమ్మా, నేను ఈడున్న!" అని వెనక నుంచి కేక. తిరిగి చూస్తే నా చేతిలో ఉన్నది పాపం ఓ నర్సమ్మ చేయి. ఆ పిల్ల బర్రెలాగే మారు మాట్లాడకుండా అంతదూరం వచ్చింది. నేను మాత్రం వదల్లేదు, ఆటో ఎక్కాకే వదిలాను.