తుమ్మితే పోయే చెట్టు

గడియారాలు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ సెకన్లముల్లు అనేవారు. క్షణం కుదురుగా ఉండడని. బస్సు డ్రైవరైన ఆయన అన్నగారు నింపాది మనిషి కాబట్టి గంటలముల్లు. ఈ రెండు ముళ్ళనీ సరైన వేళకి తిప్పే కీ మాత్రం ఒకావిడ చేతిలో ఉండేది. ఆవిడ గంటలముల్లు భార్య, సెకన్లముల్లుకి వదిన.

సెకన్లముల్లు కొట్టు వెడల్పు బారెడు. బల్ల ముందు ఒక కిటికీ, కిటికీ బయట ఒక తుమ్మ చెట్టు, దాని నీడలో వదిన కుట్టుమిషను. ఇరవయ్యేళ్ళుగా ఆవిడ కొట్టు ఆ నీడే. గోడలూ లేవు, తలుపూ లేదు.

సెకన్లముల్లు బాధ తుమ్ములు. చలికాలం వచ్చిందంటే మొదలయ్యేవి. ఆయన పట్టకారుతో పట్టుకునే మరలు ఆవగింజని పదహారు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత ఉంటాయి. ఒకసారి ఒక్క తుమ్ముకి అలాంటి మర ఎగిరి, రోడ్డు దాటి, ఎదురు సెలూన్లో గడ్డం గీయించుకుంటున్న పెద్దమనిషి మీసంలో చిక్కుకుంది. నమ్మనివాళ్ళు సెలూన్ ఆయన్ని అడగవచ్చు. ఆయనా నమ్మడు.

ఆ ఏడు చలి గట్టిగా పడలేదు. చెట్లు తొందరపడి పూశాయి, తుమ్ములూ మూడు వారాలు ముందే వచ్చేశాయి. కిటికీ బయట తుమ్మ చెట్టు పచ్చటి బంతుల్లాంటి పూలతో నవ్వుతూ కనిపించింది. సెకన్లముల్లుకి ఒళ్ళు మండింది. ఏ రోజు ఎన్ని గంటలకి ఎన్ని తుమ్ములో వారం పాటు పుస్తకంలో రాసిపెట్టి, చెట్టు కొట్టేయమని మున్సిపాలిటీకి అర్జీ పెట్టాడు. అక్కడి గుమాస్తా పుస్తకం తెరవనే లేదు.

"తుమ్మ చెట్టు వల్ల తుమ్ములు. పేరే చెబుతోంది కదండీ!" అని ముద్ర గుద్దేశాడు. సోమవారం పది గంటలకి రంపం వస్తుందని కబురు.

గురువారం సాయంత్రం వదినకి సంగతి తెలిసింది. మిషను ఆపి కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏమయ్యా మరిదీ, నా నెత్తిమీద కప్పు పీకించేస్తున్నావట?"

"నా ముక్కు ఊడిపోతోంది వదినా. ఇంకెవరి వల్ల? తుమ్మ చెట్టు కాదూ?"

"అయితే నేతి బీరకాయ పిండి ఒక గరిటెడు నెయ్యి తెచ్చిపెట్టు, చూస్తాను."

"ఎగతాళి కాదు. నేనంతా రాసిపెట్టాను." పుస్తకం ఆవిడ చేతికిచ్చాడు.

వదిన వేలు పెట్టి చదివింది. మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఏమీ లేదు, ఆ తర్వాత రెండు తుమ్ములు. బుధవారం సున్న. ఇవాళ పదకొండుకి పది నిమిషాల ముందు మొదలై, మూడింటిలోపు ముప్పై ఎనిమిది.

"చెట్టు కూడా నీలాగే వేళ చూసుకుని కొట్టు తెరుస్తుందా?" అంది. "పొద్దున్న ఏడింటికి ఈ పూలు లేవూ? బుధవారం సెలవు పెట్టాయా?"

వదిన వెళ్ళిపోయింది, ప్రశ్న మాత్రం ఆయన చెవిలో జోరీగలా ఉండిపోయింది. మరొకరైతే దులుపుకునేవారేమో. వేళలు తప్పడాన్ని సహించలేకే ఈ వృత్తిలోకి వచ్చినవాడాయన. మంగళవారం మధ్యాహ్నం దాకా మంచు పట్టింది. బుధవారం చినుకులు. గురువారం పొడి ఎండ, పొడి గాలి. చెట్టు మూడు రోజులూ అక్కడే ఉంది!

శుక్రవారం ఒక్క గడియారం ముట్టుకోలేదు. ఆరు గడియారపు అద్దాలకి నూనె రాసి, కిటికీ గట్టుమీద గంటకొకటి మార్చి మార్చి పెట్టాడు. ఆ తర్వాత కంటికి భూతద్దం బిగించి చూశాడు. ఎనిమిది గంటల అద్దం శుభ్రంగా ఉంది. తొమ్మిదిదీ అంతే. పదకొండుదాని మీద ఎవరో పిండి జల్లించినట్టు సన్నటి పొడి. పన్నెండుదాని మీద ఇంకా ఎక్కువ. ఇంకో అద్దం మీద తుమ్మ పువ్వుని తట్టి చూశాడు. నాలుగు గింజలు రాలాయి. అవి ముద్దలు ముద్దలుగా, బరువుగా ఉన్నాయి, ఆ పిండికీ వీటికీ పోలికే లేదు. తుమ్మ పువ్వుకి గాలితో పనిలేదు, దాని పుప్పొడిని మోసుకెళ్ళడానికి తేనెటీగలున్నాయి. మరి ఈ పిండి ఎవరిది?

"వదినా, మూరెడు దారం ఇవ్వు."

"ఉరేసుకోవడానికైతే మూరెడు చాలదు," అంటూనే తెంపి ఇచ్చింది.

శనివారం పదకొండింటికి కిటికీ ఊచకి కట్టిన ఆ దారం లేచి ఊగింది. గాలి బస్సుల షెడ్డు వైపునుంచి వస్తోంది. సెకన్లముల్లు దారం విప్పి, జెండాలా పైకెత్తి పట్టుకుని గాలికి ఎదురు నడిచాడు. షెడ్డు వెనక దుమ్ము ఆపడానికి నాటిన సరుగుడు చెట్ల వరస ఉంది. రోజూ చూసే చెట్లే. పువ్వంటూ కనబడదు కాబట్టి ఎవరూ అనుమానించలేదు. దగ్గరికెళ్తే కొమ్మల చివర గోధుమరంగు తోకలు. ఒక తోకని వేలితో మీటాడు.

పొగ లేచింది.

పద్నాలుగు తుమ్ములు తుమ్మాడు. షెడ్డులోంచి గంటలముల్లు తల బయటపెట్టాడు.

"నువ్వట్రా! ఎవరో నా బస్సు స్టార్టు చేస్తున్నారనుకున్నా."

తడికళ్ళతోనే సెకన్లముల్లు నవ్వాడు. లెక్క కుదిరింది. రాత్రి తేమకి ఆ తోకలు ముడుచుకునే ఉంటాయి. మంచు విడిపోయి, ఎండ వాటిని ఆరబెట్టాక విచ్చుకుంటాయి. అప్పుడు గాలి పొడిని ఎత్తుకుంటుంది. వాన పడితే ఆ పొడి నేలకి అంటుకుపోతుంది. చెట్టుది కాదు, వేళది మహిమ.

అయినా రెండో శనివారం, ఆదివారం ఆఫీసుకి సెలవు కావడంతో సోమవారం రంపం ఆగలేదు. పది దాటి ముప్పై అయిదు నిమిషాలకి లారీ వచ్చింది. మంచు పల్చబడుతోంది. వదిన మిషను మీద చేతులు పెట్టి కూర్చుంది, కుట్టడం లేదు.

"చెట్టు వద్దంటారు, మళ్ళీ కావాలంటారు," అన్నాడు లారీ దిగిన మేస్త్రీ, అడ్డుపడ్డ సెకన్లముల్లుతో. "రేపు తుమ్మొస్తే మళ్ళీ మమ్మల్ని పిలుస్తారు. మాకు వేరే పని లేదా?"

"ఈ పూలలో ముఖం పెట్టి పీలుస్తాను. తుమ్మితే కొట్టేయండి."

వీధి వీధంతా గుమిగూడింది. వదిన ముళ్ళు తప్పించి ఒక కొమ్మ వంచింది. ఆయన పూలలో ముక్కు దూర్చి ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు గుండెనిండా పీల్చాడు. ఒక తేనెటీగ విసుక్కుంటూ బయటికొచ్చింది. తుమ్ము రాలేదు.

"సరే, అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని రాసివ్వండి," అని మేస్త్రీ కాగితం తీశాడు. పెన్ను రాయలేదు. విదిలించాడు, ఊదాడు, అరచేతిమీద గీకాడు. కొట్టులో నడుస్తున్న గడియారాలన్నీ పదకొండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తున్నాయి. కిటికీకి మళ్ళీ కట్టిన దారం చివర కదిలింది. సెకన్లముల్లు ముక్కులో చీమ నడిచినట్టయింది.

వదిన ఆ దారాన్నీ చూసింది, ఆ ముక్కునీ చూసింది. ఇస్త్రీకి తడిపి ఉంచిన గుడ్డ తీసుకుని మరిది ముఖానికి చుట్టేసింది.

"అదెందుకమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"చలికి తట్టుకోలేడు బాబూ. చిన్నప్పట్నుంచీ అంతే."

పెన్ను రాసింది. సంతకం పడింది. లారీ కదిలి వీధి మలుపు తిరుగుతుండగా సెకన్లముల్లు గుడ్డ పీకేశాడు. ఆ తుమ్ముకి గోడమీద ఆగిపోయున్న మూడు గడియారాలు నడవడం మొదలుపెట్టాయి. లారీ ఆగింది, మేస్త్రీ తల బయటికొచ్చింది.

"ఏమిటమ్మా ఆ శబ్దం?"

"మా ఆయన బస్సు!" అంది వదిన. "చలికి స్టార్టవ్వదు!"

"అసలు దొంగ సరుగుడని చెప్పేయకపోయావా?" అని లారీ పోయాక అడిగింది.

"రంపం అటు పోతుంది. ఆ వరస పోతే షెడ్డు దుమ్మంతా అన్నయ్య తింటాడు," అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

మర్నాడు కొట్టు ముందు కొత్త బోర్డు వెలిసింది: చేతి గడియారాలు పదకొండు లోపల. ఆపైన గోడ గడియారాలు మాత్రమే. వాన పడితే ఏవైనా, ఎప్పుడైనా.